పదార్థ ధర్మాలను ఇంట్లోనే కొలవడం ఎలా: సాంద్రత నుంచి తలతన్యత దాకా

ఒక ఉక్కు నట్టును తూచి దాని బరువు 62 గ్రాములని చెబితే ఆ నట్టు గురించి ఒక సంగతి తెలుస్తుంది కానీ, ఉక్కు గురించి ఏమీ తెలియదు. అదే నట్టు ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాముల చొప్పున తూగుతోందని చెబితే, ఆ మాట ఆ నట్టుకే కాక అదే ఉక్కుతో చేసిన సూదికీ, వంతెన దూలానికీ కూడా వర్తిస్తుంది. వస్తువు చిన్నదైనా పెద్దదైనా మారకుండా, అది దేనితో తయారైందో దాన్ని బట్టి మాత్రమే ఉండే ఇలాంటి లక్షణాలను పదార్థ ధర్మాలు అంటాం. సాంద్రత, స్థితిస్థాపకత, స్నిగ్ధత, తలతన్యత అనే మాటల నిర్వచనాలను బడిలో బట్టీపట్టినవాళ్లు చాలామంది ఉంటారు. వాటిని తమ చేతులతో కొలిచి చూసినవాళ్లు మాత్రం తక్కువ. నాలుగింటినీ మామూలు సామగ్రితో, ఇంట్లో బల్ల మీదే, నమ్మదగినంత కచ్చితంగా కొలవవచ్చు. ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే నియమం ఒకటుంది. తెలియని పదార్థాన్ని కొలిచే ముందు, విలువ బాగా తెలిసిన పదార్థాన్ని అదే పరికరంతో, అదే పద్ధతిలో ఒకసారి కొలిచి చూడాలి. ద్రవాలకైతే నీరు, ఘనాలకైతే ఉక్కు ఇందుకు సరిపోతాయి. తెలిసిన విలువ రాకపోతే లోపం పరికరంలోనో, మన చేతిలోనో ఉన్నట్టు. ఆ లోపం దొరికేదాకా ముందుకు పోకూడదు. తెలిసిన విలువ వస్తే, తర్వాత వచ్చే తెలియని విలువను నమ్మడానికి మనకు ఒక ఆధారం ఉంటుంది.

కావలసినవి ఇవి: 0.1 గ్రాము వరకు చూపే డిజిటల్ త్రాసు, 100 మిల్లీలీటర్ల కొలజాడీ, థర్మామీటరు, ఫోన్‌లోని స్టాప్‌వాచ్, 30 సెంటీమీటర్ల ఉక్కు స్కేలు, వెర్నియర్ కాలిపర్స్ లేదా స్క్రూగేజి, ఒక డ్రాపరు, సూది తీసేసిన సిరంజి, సన్నని నైలాన్ దారం. పాత ప్రయోగాల్లో పాదరసం తరచూ కనిపిస్తుంది. దాని ఆవిరి విషపూరితం కాబట్టి ఇంట్లో దాన్ని ఏ పనికీ వాడవద్దు.

ముందు త్రాసును, కొలజాడీని పరీక్షించుకోవడం

త్రాసును గట్టి బల్ల మీద, గాలి తగలని చోట, మట్టంగా ఉంచండి. ఖాళీ కొలజాడీని దాని మీద పెట్టి సున్నా చేసి, 100 గీత దాకా నీరు పోయండి. గాజుజాడీలో నీటి మట్టం అంచుల దగ్గర కాస్త పైకి పాకి, మధ్యలో పల్లంగా ఉంటుంది. కంటిని నీటి మట్టానికి సమానమైన ఎత్తులో ఉంచి, ఆ పల్లపు అడుగుభాగం గీతను తాకేలా చూసుకోవాలి. నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికంగా ఘన సెంటీమీటరుకు 1.000 గ్రాము ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర 0.998కి, 30 డిగ్రీల దగ్గర 0.996కి తగ్గుతుంది. అంటే 30 డిగ్రీల నీరు 100 మిల్లీలీటర్లు 99.6 గ్రాములు తూగాలి. మీకు 98 వచ్చిందంటే ముందుగా కొలజాడీ గీతలను అనుమానించండి, ఎందుకంటే చవకరకం ప్లాస్టిక్ జాడీల్లో ఒకటి రెండు మిల్లీలీటర్ల తేడా సాధారణం. ఈ కారణం చేతనే నేను ఘనపరిమాణాన్ని గీతలను చూసి కాకుండా, వీలైనంతవరకు తూచే కొలుస్తాను.

ఘనపదార్థాల సాంద్రత

ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ద్రవ్యరాశిని త్రాసే చెబుతుంది కాబట్టి కష్టమంతా ఘనపరిమాణం దగ్గరే ఉంది. నట్టు వంటి వంకరటింకర ఆకారానికి పొడవు, వెడల్పు కొలిచి లాభం లేదు. అంచు దాకా నింపిన పాత్రలో వస్తువును ముంచి, పొర్లిన నీటిని పట్టి కొలవడం అందరికీ గుర్తొచ్చే పద్ధతి, కానీ అది అంత మంచిది కాదు. పాత్ర అంచు మీద నీరు ఉబ్బెత్తుగా నిలిచి, పొర్లవలసిన నీటిలో కొంత పొర్లకుండానే ఉండిపోతుంది. ఆర్కిమెడిస్ కిరీటాన్ని అలా నీళ్లు పొర్లించి పరీక్షించాడన్న కథను గెలీలియో కూడా ఒప్పుకోలేదు. అంత మోటు పద్ధతి ఆ మేధావికి తగదని భావించి, 1586లో రాసిన ఒక చిన్న రచనలో వస్తువును నీటిలో వేలాడదీసి తూచే త్రాసును వర్ణించాడు. మనం చేయబోయేది ఆ పద్ధతికి దగ్గరి చుట్టమే.

ముందు నట్టును పొడిగా తూచండి. నా దగ్గరున్న పెద్ద నట్టు 62.4 గ్రాములు తూగింది. ఇప్పుడు వెడల్పాటి గాజుగ్లాసులో ముప్పాతిక వంతు నీరు పోసి త్రాసు మీద పెట్టి, సున్నా చేయండి. నట్టుకు దారం కట్టి, దారాన్ని చేత్తో కాకుండా పైన ఏదైనా ఆధారానికి కట్టి, నట్టు పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా వేలాడదీయండి. త్రాసు ఇప్పుడు చూపే గ్రాములే నట్టు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. నా నట్టుకు అది 8.0 వచ్చింది. 62.4ను 8.0తో భాగిస్తే 7.8.

నట్టు బరువును దారం మోస్తుండగా త్రాసు ఎందుకు కదిలిందన్న ప్రశ్న రావడం సహజం. నీరు నట్టును పైకి నెడుతుంది. ఆ ఉత్ప్లవన బలం నట్టు తొలగించిన నీటి బరువుకు సమానం. నట్టు కూడా అంతే బలంతో నీటిని కిందికి నెడుతుంది, ఆ నెట్టుడు గ్లాసు అడుగు ద్వారా త్రాసుకు చేరుతుంది. తొలగిన నీరు గ్రాముకు ఒక ఘన సెంటీమీటరు చొప్పున ఉంటుంది కాబట్టి, త్రాసు మీది గ్రాములు నేరుగా ఘనపరిమాణాన్ని చెబుతాయి. నట్టు అడుగును తాకిందంటే దాని సొంత బరువు కూడా త్రాసు మీద పడి అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది, కాబట్టి ఆ తప్పు దానంతటదే బయటపడుతుంది.

బయటపడని తప్పు గాలిబుడగ. మొదటిసారి నేను ఇదే నట్టును ముంచినప్పుడు 8.3 వచ్చింది, అంటే సాంద్రత 7.5. ఉక్కు సాంద్రత 7.8, 7.9 మధ్య ఉండాలని తెలుసు కాబట్టి అక్కడే ఆగిపోయాను. గ్లాసును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే నట్టు లోపలి మరల సందుల్లో వెండి రంగులో మెరుస్తున్న సన్నని గాలిపొర ఒకటి కనిపించింది. నట్టును తీసి, ఒక చుక్క సబ్బునీటితో లోపలంతా తడిపి, నీటిలోనే రెండుసార్లు తిప్పి కదిపితే బుడగలు లేచిపోయాయి, అంకె 8.0కి దిగింది. ఉక్కు విలువ ముందే తెలియకపోతే 7.5నే నిజమని రాసుకుని ఉండేవాణ్ణి.

ఫలితం రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 8.0 అనే అంకెలో 0.1 గ్రాము అటూ ఇటూ ఉండవచ్చు, అంటే వందకు ఒకటికి కాస్త ఎక్కువ. కాబట్టి జవాబును "7.8, అటూ ఇటూ 0.1" అని రాయాలే తప్ప, కాలిక్యులేటర్ చూపించే దశాంశాలన్నిటినీ దించకూడదు. నీరు 30 డిగ్రీల దగ్గర ఉన్నందువల్ల వచ్చే తేడా వెయ్యికి నాలుగు మాత్రమే. మన త్రాసు పొరపాటు ముందు అది లెక్కలోకి రాదు. చిన్న వస్తువైతే ఒకదానికి బదులు అలాంటివి పది కలిపి కట్టి ముంచితే ఈ అనిశ్చితి చాలా తగ్గుతుంది.

నీటిలో తేలే వస్తువులకు ఈ పద్ధతి ఇంకా సులువు. మైనపు ముద్దను దారం లేకుండా నీటిలో వదిలితే త్రాసు దాని ద్రవ్యరాశిని చూపుతుంది. సన్నని సూదితో దాన్ని పూర్తిగా మునిగేదాకా నొక్కి పట్టుకుంటే ఘనపరిమాణాన్ని చూపుతుంది. మొదటి అంకె 45.2, రెండోది 50.1 వస్తే సాంద్రత 0.90. చెక్క నీటిని పీలుస్తుంది కాబట్టి దానికి పలుచగా వార్నిష్ పూసి ఆరనిచ్చాకనే ముంచాలి.

వచ్చిన విలువను పోల్చి చూసుకోవడానికి కొన్ని సాంద్రతలు ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో: మంచు 0.917, గాజు సుమారు 2.5, అల్యూమినియం 2.70, ఇనుము 7.87, రాగి 8.96, వెండి 10.5, సీసం 11.3, బంగారం 19.3. అయితే సాంద్రత సరిపోయినంత మాత్రాన లోహం అదేనని తేల్చేయకూడదు. టంగ్‌స్టన్ సాంద్రత కూడా దాదాపు 19.3 ఉంటుంది. సాంద్రత కలవకపోతే "ఇది అది కాదు" అని ధైర్యంగా చెప్పవచ్చు. కలిస్తే "అయి ఉండవచ్చు" అని మాత్రమే చెప్పగలం.

ద్రవాల సాంద్రత, గాలి బరువు

మూత బిగుతుగా పట్టే చిన్న గాజుసీసా ఒకటి తీసుకోండి. ఖాళీగా, ఆ తర్వాత నీటితో, చివరగా నూనెతో నింపి మూడుసార్లు తూచాలి. ఈ వరుస మార్చవద్దు. నీటిని సులువుగా ఆరబెట్టవచ్చు గాని, నూనె జిడ్డు గోడలకు పట్టుకుంటే ఆ తర్వాత పోసిన నీరు సరిగా నిండదు. ఖాళీ సీసా 31.2, నీటితో 131.0, నూనెతో 122.9 గ్రాములు వచ్చాయనుకుందాం. నీరు 99.8, నూనె 91.7 గ్రాములు, సీసా ఒకటే కాబట్టి రెండింటి ఘనపరిమాణమూ ఒకటే, నిష్పత్తి 0.92. సీసా పరిమాణం ఎంతో మనకు తెలియనవసరమే లేదు. మూత కింద గాలి మిగలకుండా, రెండుసార్లూ ఒకే గుర్తు దాకా నింపడం ఒక్కటే ఇందులో మెళకువ.

ఈ జవాబును పూర్తిగా వేరే దారిలో సరిచూసుకోవచ్చు. పారదర్శకమైన సన్నని గొట్టాన్ని ఆంగ్ల అక్షరం 'యు' ఆకారంలో వంచి గోడకు బిగించి, సగం దాకా నీరు పోసి, ఒక భుజంలో మెల్లగా నూనె పోయండి. నూనె, నీరు కలిసే చోటి నుంచి అడ్డంగా ఒక గీత ఊహించుకుని, ఆ గీతకు పైన నూనె ఎత్తెంతో, రెండో భుజంలో నీటి ఎత్తెంతో కొలవండి. ద్రవంలో పీడనం లోతు, సాంద్రత, గురుత్వ త్వరణం ఈ మూడింటి లబ్ధం. ఆ గీత దగ్గర రెండువైపులా పీడనం సమానంగా ఉండాలి. అందుకే 10.0 సెంటీమీటర్ల నూనెను 9.2 సెంటీమీటర్ల నీరు నిలబెడుతుంది, సాంద్రత మళ్లీ 0.92 వస్తుంది. త్రాసు అవసరమే లేని పద్ధతి ఒకటి, త్రాసు మీదే ఆధారపడిన పద్ధతి ఇంకొకటి ఒకే జవాబు ఇచ్చినప్పుడు కలిగే నమ్మకం, ఒకే పద్ధతిని పదిసార్లు చేసినా కలగదు.

ప్రవాహులంటే ద్రవాలే కాదు, వాయువులు కూడా. గాలిని సంచిలో నింపి తూస్తే బరువేమీ కనిపించదు, ఎందుకంటే సంచి ఎంత గాలిని నింపుకుందో చుట్టూ ఉన్న గాలిని అంతే తొలగించి, ఆ మేరకు పైకి నెట్టబడుతుంది. ఆకారం మారని దానిలో గాలిని కుక్కితేనే తేడా తెలుస్తుంది. అప్పటికే గుండ్రంగా నిండి ఉన్న ఆటబంతిని తూచి, పంపుతో ఇంకా గట్టిపడేలా గాలి కొట్టి మళ్లీ తూస్తే కొన్ని గ్రాములు పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర మామూలు పీడనంలో లీటరు గాలి 1.2 గ్రాములు తూగుతుంది. సిరంజి మూతిని వేలితో మూసి నొక్కితే గాలికి, ద్రవానికి ఉన్న అసలు తేడా వేలికే తెలుస్తుంది: 20 మిల్లీలీటర్ల గాలి 10 దాకా దిగుతుంది, బుడగ లేకుండా నింపిన నీరు మాత్రం కదలదు. వాతావరణ పీడనమంత పీడనం అదనంగా మోపినా నీటి ఘనపరిమాణం సుమారు 22,000 వంతుల్లో ఒక వంతు మాత్రమే తగ్గుతుంది.

ఉక్కు స్కేలుతో స్థితిస్థాపకత

వాడుకభాషలో రబ్బరు సాగుతుంది కాబట్టి దానికి స్థితిస్థాపకత ఎక్కువంటాం. భౌతికశాస్త్రంలో లెక్క వేరు: ఒకే బలానికి ఏది తక్కువ మారి, బలం తీసేయగానే మొదటి ఆకారానికి వస్తుందో దాని స్థితిస్థాపక గుణకం ఎక్కువ. సాగడం, వంగడం వంటి మార్పులకు వాడే ఆ గుణకాన్ని యంగ్ గుణకం అంటాం. ఉక్కు యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్ (ఒక గిగాపాస్కల్ అంటే వంద కోట్ల పాస్కల్), అల్యూమినియానిది 70, రబ్బరుది ఒకటిలో వందో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది. మారిన మేర బలానికి అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. అంతకు రెండేళ్ల ముందే దాన్ని అక్షరాలు తారుమారు చేసి, ఎవరికీ అర్థం కాకుండా అచ్చువేయించి పెట్టుకున్నాడు.

ఉక్కు స్కేలు ఒక కొసను బల్ల అంచున బరువైన పలక కింద బిగించి, 25 సెంటీమీటర్లు గాలిలోకి ఉండేలా చూడండి. పక్కన నిలువుగా మరో స్కేలు నిలబెట్టి కొస ఎత్తును రాసుకోండి. తర్వాత కొసకు 10 గ్రాముల చొప్పున బరువులు పెంచుతూ 50 దాకా వెళ్లి, మళ్లీ ఒక్కొక్కటే తీస్తూ ప్రతిసారీ ఎత్తు రాసుకోవాలి. బరువులన్నీ తీసేశాక కొస మొదటి చోటికి రాకపోతే స్కేలు బిగింపు జారినట్టే, మళ్లీ మొదలుపెట్టండి. 50 గ్రాముల బరువు 0.49 న్యూటన్ల బలం. ఈ బలాన్ని 4తో, గాలిలో ఉన్న పొడవు ఘనంతో గుణించి, వచ్చినదాన్ని వెడల్పు, మందం ఘనం, కొస దిగిన మేర ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే యంగ్ గుణకం వస్తుంది. పొడవులన్నీ మీటర్లలో ఉండాలి. వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 1.0 మిల్లీమీటరు ఉన్న స్కేలు కొస 6.0 మిల్లీమీటర్లు దిగితే జవాబు 204 గిగాపాస్కల్.

ఈ లెక్కలో మందమే ప్రాణం. అది ఘనంగా వస్తుంది కాబట్టి, 1.0 మిల్లీమీటరు మందాన్ని 0.9 అని చదివితే జవాబు 37 శాతం పెరిగిపోతుంది. మామూలు స్కేలుతో మందం కొలవడానికి ప్రయత్నించవద్దు. స్క్రూగేజితో మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీసుకోండి. ఉక్కుతో సరైన విలువ వచ్చాకే ప్లాస్టిక్ స్కేలును బిగించండి. అక్కడ మీకు కొత్త సంగతి ఎదురవుతుంది: బరువు పెట్టిన వెంటనే కొస ఒక చోటికి దిగి, తర్వాత నిమిషాల తరబడి మెల్లగా ఇంకా దిగుతూ ఉంటుంది. అందుకే ప్లాస్టిక్‌కు, రబ్బరుకు ఎంత సేపటికి చదివారో కూడా రాయాలి.

గట్టిదనం గురించి ఒక్క మాట. గీతపడకుండా ఉండే కాఠిన్యం, వంగకుండా ఉండే గుణం, విరగకుండా ఉండే బలం మూడూ వేర్వేరు. గాజును రాగితో గీస్తే గీత పడదు, కానీ కింద పడేస్తే గాజే పగులుతుంది.

స్నిగ్ధత

చిక్కగా ఉన్న ద్రవం బరువుగా కూడా ఉంటుందనే భ్రమ చాలామందికి ఉంది. నూనె నీటికంటే ఎన్నో రెట్లు చిక్కన, అయినా నీటి మీద తేలుతుంది. సాంద్రత అంటే ఎంత పదార్థం కూరుకుని ఉందో చెప్పేది. స్నిగ్ధత అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు ఎంత అడ్డుకుంటాయో చెప్పేది.

గ్లిసరిన్ వంటి చిక్కటి ద్రవానికి గోళీ పద్ధతి వాడండి. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న పొడవాటి గాజుజాడీలో గ్లిసరిన్ పోసి, బుడగలన్నీ లేచిపోయేదాకా కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. బయట 20 సెంటీమీటర్ల దూరంలో రెండు రబ్బరు బ్యాండ్లు తొడగండి. పైదాన్ని ద్రవ మట్టానికి కనీసం 5 సెంటీమీటర్ల దిగువన ఉంచాలి. 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గోళీని ముందు గ్లిసరిన్‌లో తడిపి, జాడీ నడిమధ్యన పట్టకారుతో మెల్లగా వదలాలి. పొడి గోళీ తనతోపాటు ఒక బుడగను మోసుకుపోతుంది. గోళీ మొదట కొద్దిపాటి దూరం వేగం పుంజుకుని, ఆ తర్వాత గురుత్వ బలం ఒకవైపు, ఉత్ప్లవన బలం, స్నిగ్ధత మరోవైపు సమతూకమై ఒకే చరమవేగంతో దిగుతుంది. కింది బ్యాండు దాకా గోళీ ఒకే నిదానంతో దిగడం కంటికే కనబడుతుంది.

జార్జ్ స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రం ప్రకారం, గోళీ వ్యాసార్ధం వర్గాన్ని, గోళీ, ద్రవం సాంద్రతల తేడాను, గురుత్వ త్వరణాన్ని గుణించి, రెట్టింపు చేసి, 9తోనూ చరమవేగంతోనూ భాగిస్తే స్నిగ్ధత వస్తుంది. 25 డిగ్రీల దగ్గర 20 సెంటీమీటర్లకు 6.7 సెకన్లు పడితే వేగం సెకనుకు 3.0 సెంటీమీటర్లు, స్నిగ్ధత 1.07 పాస్కల్-సెకన్లు. కానీ 25 డిగ్రీల శుద్ధ గ్లిసరిన్‌కు 0.95 దగ్గర రావాలి. తేడా జాడీ గోడలది. స్టోక్స్ సూత్రం అంతులేని ద్రవానికి రాసింది; ఇరుకు జాడీలో గోళీ పక్కల నుంచి పైకి రావలసిన ద్రవాన్ని గోడలు అడ్డుకుంటాయి. గోళీ వ్యాసాన్ని జాడీ వ్యాసంతో భాగించి, 2.1తో గుణించి, 1 కలిపితే 1.126, ఫలితాన్ని దీనితో భాగిస్తే 0.95 వస్తుంది.

అదే గోళీని నీటిలో వదిలి ఈ సూత్రం వాడితే, సెకనుకు 33 మీటర్ల వేగంతో దిగాలని లెక్క వస్తుంది, అది అసంభవం. గోళీ వెనుక సుడులు లేని నిదానమైన ప్రవాహానికే స్టోక్స్ సూత్రం వర్తిస్తుంది. నీరు, కిరోసిన్ వంటి పలుచటి ద్రవాలను సన్నని గొట్టం గుండా కారనిచ్చి కొలవాలి. సిరంజి గొట్టానికి సన్నని గొట్టం తగిలించి నిలువుగా బిగించి, దట్టా (లోపల నెట్టే కడ్డీ) తీసేసి, ద్రవం పై గీత నుంచి కింది గీతకు దిగడానికి పట్టే సమయాన్ని ముందు నీటితో, తర్వాత మీ ద్రవంతో కొలవండి. సమయాన్ని సాంద్రతతో గుణించి వచ్చిన రెండు విలువల నిష్పత్తే స్నిగ్ధతల నిష్పత్తి. గొట్టం ఎంత సన్నగా, పొడవుగా ఉంటే ఇది అంత నిజం.

ఈ కొలతలో థర్మామీటరును పక్కన పెట్టేస్తే పడిన శ్రమంతా వృథా. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.00 మిల్లీపాస్కల్-సెకను, 30 దగ్గర 0.80. గ్లిసరిన్‌దైతే అదే పది డిగ్రీల్లో 1.41 పాస్కల్-సెకన్ల నుంచి 0.6 దగ్గరికి, అంటే సగానికంటే కిందికి పడిపోతుంది. పైగా గ్లిసరిన్ గాలిలోని తేమను పీల్చుకుని పలుచబడుతుంది కాబట్టి, మూత తెరిచి ఉంచిన సీసాతో ఎప్పుడూ తక్కువ విలువే వస్తుంది.

తలతన్యత

ఉక్కు సూదిని టిష్యూ కాగితం ముక్క మీద పెట్టి నీటి మీద వదిలితే, కాగితం తడిసి మునిగిపోయాక సూది నిలిచి ఉంటుంది. నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు సాంద్రత ఉన్న లోహాన్ని మోస్తున్నది నీటి ఉపరితలం. ఆ ఉపరితలపు బిగువునే తలతన్యత అంటాం. దాన్ని చుక్కలను తూచి కొలవవచ్చు. డ్రాపరును నిలువుగా బిగించి, రెండు మూడు సెకన్లకు ఒక చుక్క చొప్పున, త్రాసు మీది చిన్న గిన్నెలోకి 50 చుక్కలు పడనివ్వండి. చుక్క మొనకు వేలాడుతూ ఉబ్బి, మెడ సన్నబడి, బరువును తలతన్యత ఇక మోయలేని క్షణంలో తెగి పడుతుంది. అందుకే చుక్క బరువు తలతన్యతకు దాదాపు అనుపాతంలో ఉంటుంది. నీటి చుక్కలు 50 కలిసి 2.5 గ్రాములు, అదే డ్రాపరుతో సబ్బునీటి చుక్కలు 50 కలిసి 1.1 గ్రాములు తూగితే, నీటి విలువ మీటరుకు 72 మిల్లీన్యూటన్లను 0.44తో గుణించి సబ్బునీటికి సుమారు 32 అని తేల్చవచ్చు. చుక్కలను తొందరపెట్టి రాల్చితే బరువు నమ్మదగినదిగా ఉండదు.

శుభ్రత విషయంలో మిగతా అన్ని కొలతల కంటే ఇది కఠినమైనది. గిన్నెలు కడిగిన చేత్తో డ్రాపరు మొనను ముట్టుకున్నా చాలు, నీటి విలువ పడిపోతుంది. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే మహిళ విశ్వవిద్యాలయ చదువు లేకుండానే, ఇంట్లో వంటగదిలో, నీటి ఉపరితలాన్ని ముందు తుడిచి శుభ్రపరిచే ఒక తొట్టెను రూపొందించుకుని, జిడ్డు, సబ్బు వల్ల తలతన్యత ఎలా తగ్గుతుందో ఏళ్ల తరబడి కొలిచింది. ఆమె రాసిన ఉత్తరాన్ని బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ చొరవతో 'నేచర్' పత్రిక 1891లో అచ్చువేసింది. ఉపరితలాల శాస్త్రంలో ఆ తొట్టె నేటికీ వాడుకలో ఉన్న పరికరాలకు పూర్వరూపం.

ఒక్క అంకెకు లొంగని పదార్థాలు

టూత్‌పేస్టును గోళీ పద్ధతిలో కొలవబోతే గోళీ కదలకుండా ఉండిపోతుంది. ట్యూబును నొక్కితే మాత్రం పేస్టు ద్రవంలా బయటికి వస్తుంది. కొంత బలం దాటేదాకా ఘనంలా, దాటాక ద్రవంలా నడుచుకునే ఇలాంటివాటికి, ఏ బలం దగ్గర, ఏ వేగం దగ్గర కొలిచామో చెప్పకుండా స్నిగ్ధత చెప్పడం అర్థం లేని పని. పాత కిటికీ అద్దాలు కింద మందంగా ఉండటం చూసి గాజు కూడా మెల్లగా కారుతుందని చెప్పుకోవడం మాత్రం పొరపాటు. ఆ కాలంలో అద్దాన్ని తయారుచేసిన తీరు వల్లే మందంలో ఆ తేడా వచ్చింది.

నిజంగా కారేది తారు కీలు (ఆంగ్లంలో పిచ్). సుత్తితో కొడితే అది గాజులా ముక్కలవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ 1927లో వేడిచేసిన తారు కీలును ఒక గాజు గరాటులో పోసి, అది గట్టిపడి సర్దుకున్నాక 1930లో కింది మొన కోశాడు. మొదటి చుక్క 1938లో పడింది, తొమ్మిదోది 2014లో. దాని స్నిగ్ధత నీటికంటే సుమారు 23,000 కోట్ల రెట్లని 1984లో లెక్కగట్టారు. ఇలాంటి పదార్థం మీ చేతికి వస్తే, కొలత పట్టికలో ఉష్ణోగ్రత గడి పక్కన బలం ఎంతసేపు పనిచేసిందో రాయడానికి ఇంకో గడి గీసుకోండి.